ఎడమ చేతి అలవాటు: స్కూటర్ నుంచి గేర్ల బండికి మారిన ఒకరి కేస్ స్టడీ

ఏడేళ్లుగా రోజూ స్కూటర్ నడుపుతూ, చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ ఎరుగని 34 ఏళ్ల మహిళ ఒకరు మోటార్‌సైకిల్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. రెండో తరగతిలోనే, ఖాళీ మైదానంలో, గంటకు పది కిలోమీటర్లు కూడా లేని వేగంలో, బండితో సహా పక్కకు పడ్డారు. మోకాలి కవచాలు ఉండడంతో దెబ్బ తగలలేదు, క్లచ్ లీవర్ కొన మాత్రం వంగింది. ఆమె ఎందుకు పడ్డారో నేను మొదట తప్పుగా అర్థం చేసుకున్నాను, ఆ తప్పు తెలుసుకోవడానికి మరో రెండు తరగతులు పట్టింది. స్కూటర్ అనుభవం ఉన్నవారికి గేర్ల బండి నేర్పే తోటి శిక్షకులకూ, సొంతంగా మారాలనుకునేవారికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆమె అనుమతి తీసుకుని, పేరు చెప్పకుండా ఈ వివరాలు రాస్తున్నాను.

ద్విచక్ర వాహన శిక్షకుడిగా పదహారేళ్ల నుంచి పనిచేస్తున్నాను. స్కూటర్ వచ్చినవారికి బ్యాలెన్స్ ఎలాగూ ఉంటుంది కాబట్టి క్లచ్, గేర్లు నేర్పితే సరిపోతుందని చాలాకాలం నమ్మాను. ఈ కేసు తర్వాత ఆ నమ్మకాన్ని పూర్తిగా వదులుకోలేదు గాని, దానిలో సగమే నిజమని గట్టిగా చెప్పగలను.

అభ్యాసకురాలి నేపథ్యం

ఆమె వాడుతున్నది 110 సీసీ ఆటోమేటిక్ స్కూటర్. బరువు సుమారు 105 కిలోలు, ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10 అంగుళాలు, రెండింటికీ డ్రమ్ బ్రేకులు. ఎడమ చేతి లీవర్ నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడే కంబైన్డ్ బ్రేకింగ్ అమరిక దానికి ఉంది. ఈ ఒక్క వివరాన్ని నేను మొదటి రోజు రాసుకున్నాను గాని, దాని అర్థం గ్రహించలేదు. ఆమె రోజుకు సుమారు 20 కిలోమీటర్లు రద్దీ రోడ్ల మీద నడుపుతారు. కొన్నాళ్లకు 350 సీసీ బండి మీద దూర ప్రయాణాలు చేయాలన్నది ఆమె కోరిక.

మొదటి పరిచయంలో ఆమె చెప్పిన ఒక మాట తర్వాత ఈ కేసుకు కీలకమైంది. "మా నాన్నగారు స్కూటర్ నుంచి మోటార్‌సైకిల్‌కు ఒక్క సాయంత్రంలో మారారట సార్. నాకెంత కాలం పడుతుందంటారు?" అని అడిగారు. వారం రోజుల్లో రోడ్డెక్కవచ్చని తొందరపడి చెప్పేశాను.

స్కూటర్ మీద ఆమెను అరగంట గమనించాను. చూపు దూరంగా ఉంది, మలుపుకు ముందే మలుపు అవతలి కొసను చూస్తున్నారు. ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకుంటే తప్పించుకునేంత ఎడం ఉంచుతున్నారు. ఎదుటి బండి ముందు చక్రం ఏ వైపు తిరుగుతోందో చూసి దాని ఉద్దేశం పసిగడుతున్నారు. అద్దాలు చూడడం శ్వాస తీసుకున్నంత సహజంగా ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మలుపు తిరిగేటప్పుడు, తనకు తెలియకుండానే, వాలవలసిన వైపు హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టి బండిని వాలుస్తున్నారు. కౌంటర్ స్టీరింగ్ అనే మాట ఆమె వినలేదు, అయినా ఏడేళ్లుగా చేస్తున్నారు. ఇవన్నీ కొత్తవారికి నెలల తరబడి నేర్పవలసిన విషయాలు. స్కూటర్ మోటార్‌సైకిల్‌కు మంచి మెట్టు అని నేను ఇప్పటికీ అనడానికి కారణం ఇదే. రోడ్డును చదవడం నేర్చుకునే రోజుల్లో చేతులకూ కాళ్లకూ పని తక్కువగా ఉండడం చోదకులకు పెద్ద మేలు.

అదే అరగంటలో ఆమె కుడి చేతి బ్రేకును ఒక్కసారి కూడా గట్టిగా నొక్కలేదు. ఆగిన ప్రతిసారీ ఎడమ చేతితోనే ఆగారు. ఆగడానికి నాలుగైదు మీటర్ల ముందే రెండు కాళ్లూ ఫుట్‌బోర్డు నుంచి దించి నేలకు దగ్గరగా వేలాడదీస్తున్నారు. ఈ రెండూ చూశాను, స్కూటర్ నడిపేవారందరూ ఇంతే కదా అనుకుని వదిలేశాను.

మొదటి నాలుగు తరగతులు

శిక్షణకు 125 సీసీ బండి ఇచ్చాను. బరువు సుమారు 120 కిలోలు, చక్రాలు 18 అంగుళాలు, అయిదు గేర్లు: మొదటిది కిందకు, మిగిలిన నాలుగు పైకి. మొదటి తరగతిలో నేను అందరికీ నేర్పే క్రమమే అనుసరించాను. బండి స్టార్ట్ చేయడం, క్లచ్ పూర్తిగా పట్టి మొదటి గేరు వేయడం, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదులుతూ బండి కదిలే చోటును వేళ్లతో పట్టుకోవడం, అక్కడే ఆపి పాదాలతో నేలను తాకుతూ ఇరవై అడుగులు నడపడం. అరగంటలో ఆమెకు ఈ హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగం వదిలి అక్కడే నిలిపే పట్టు, దొరికింది. గేర్లు మార్చడం మరో నలభై నిమిషాల పని, దాని గురించి రాయవలసిందేమీ లేదు.

రెండో తరగతిలో కోన్ల మధ్య ఆరు మీటర్ల వెడల్పులో యూ టర్న్ తిప్పమన్నాను. బండి సగం తిరిగే వరకు బాగానే ఉంది. మలుపు బిగుతైన చోట ఇంజన్ శబ్దం మారకుండానే బండి వేగం తగ్గి, లోపలి వైపుకు ఒరిగి, చూస్తుండగానే పడిపోయింది. బండి బరువుకు, సీటు ఎత్తుకు ఆమె భయపడ్డారని, భయంతో చూపు కిందకు దిగిందని నిర్ణయించాను. మూడో తరగతి మొత్తం చూపు మీద, హాఫ్ క్లచ్ మీద పెట్టాను. నాలుగో తరగతికి ఆమె హాఫ్ క్లచ్‌లో తాబేలు నడకంత నెమ్మదిగా నలభై మీటర్లు కాలు దించకుండా నడిపారు. యూ టర్న్ దగ్గర మళ్లీ అదే జరిగింది. ఈసారి పక్కన నడుస్తున్న నేను బండిని పట్టుకోవడం వల్ల పడలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడేళ్లుగా నడుపుతున్నాను సార్, మా నాన్నకు ఒక్క పూటలో వచ్చింది నాకెందుకు రావడం లేదు?" అన్నారు.

ఆ సాయంత్రం ఫోన్‌లో తీసిన వీడియోను నెమ్మదిగా నడిపించి చూశాను. చూపు సరిగ్గా ఉంది, తల తిరిగే ఉంది, భుజాలు బిగుసుకోలేదు. మలుపు బిగుతయ్యే క్షణంలో ఎడమ చేతి నాలుగు వేళ్లూ మూసుకుంటున్నాయి, క్లచ్ లీవర్ హ్యాండిల్‌కు పూర్తిగా అంటుకుంటోంది. మరునాడు వీడియో చూపించి, ఆ క్షణంలో ఏం చేశారని అడిగాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "బ్రేక్ పట్టుకున్నాను సార్," అని, ఆ మాట తన నోటి నుంచి రాగానే ఆగిపోయి నా వైపు చూశారు.

అసలు జరుగుతున్నదేమిటి

ఆటోమేటిక్ స్కూటర్ మీద బిగుతు మలుపు తిరిగేటప్పుడు అనుభవమున్నవారు యాక్సిలరేటర్‌ను కొద్దిగా తెరిచే ఉంచి, ఎడమ చేతి బ్రేకును పలచగా పట్టి ఉంచుతారు. దీనికి ఆ యంత్రమే కారణం. స్కూటర్‌లో ఇంజన్ శక్తి బెల్టు ద్వారా వెనకకు వెళ్లి, అక్కడ ఇంజన్ వేగాన్ని బట్టి తనంతట తాను పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ ద్వారా చక్రానికి చేరుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి వేగం బాగా తగ్గితే ఆ క్లచ్ వదిలేస్తుంది, బండి చచ్చుబడినట్టు జారుతుంది, మళ్లీ తెరిస్తే కుదుపుతో అందుకుంటుంది. ఆ కుదుపును తప్పించడానికి ఇంజన్‌ను కాస్త లాగుతూ ఉంచి, వెనక బ్రేకుతో వేగాన్ని అదుపులో పెట్టడం సరైన పద్ధతే. ఆమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అంటే ఎడమ చేయి బిగించడం అంటే బండి నిలకడగా ఉండడం అని ఏడేళ్లలో కొన్ని వేల మలుపుల్లో ఆమె చేతికి అలవాటైంది.

మోటార్‌సైకిల్ మీద అదే చేయి అదే పని చేస్తే సరిగ్గా వ్యతిరేకమైన ఫలితం వస్తుంది. వాలిన బండిని నెమ్మది వేగంలో నిలబెట్టేది వెనక చక్రానికి అందుతున్న శక్తి. క్లచ్ పూర్తిగా పట్టగానే ఆ శక్తి తెగిపోతుంది, వేగం పడిపోతుంది, వాలు మాత్రం అలాగే ఉంటుంది, బండి లోపలికి ఒరుగుతుంది. ఒరుగుతున్నదని తెలిసిన మరుక్షణం చేయి తనకు తెలిసిన మందునే, అంటే ఆ లీవర్‌నే, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మూడో తరగతిలో నేను హాఫ్ క్లచ్ ఎంత సాధన చేయించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. హాఫ్ క్లచ్ ఆమెకు వచ్చు. మలుపు బిగుసుకున్న క్షణంలో ఆ లీవర్ ఆమె చేతికి క్లచ్‌గా కాక బ్రేకుగా కనిపిస్తోంది.

మరి ఆమె తండ్రి సంగతి? ఆయన నడిపిన స్కూటర్ ఏదని అడిగితే, పాత గేర్ల స్కూటర్ అని తెలిసింది. స్కూటర్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు యంత్రాలు ఉన్నాయన్న సంగతి మనం మరచిపోతున్నాం. విమానాల ఇంజనీరు కొరాడినో డ'అస్కానియో రూపొందించగా పియాజియో సంస్థ 1946లో పేటెంట్ తీసుకున్న వెస్పా, ఆ దారిలో వచ్చిన గేర్ల స్కూటర్లు, ఎడమ చేతికి క్లచ్‌నే ఇచ్చాయి. ఆ పిడినే తిప్పి గేరు మార్చేవారు. వెనక బ్రేకు కుడి పాదం కింద ఉండేది. అంటే ఆ తరం వారికి ఎడమ చేయి క్లచ్, కుడి పాదం వెనక బ్రేకు అన్న పాఠం స్కూటర్ మీదే వచ్చేసింది. మోటార్‌సైకిల్ ఎక్కినప్పుడు గేరు చేతి నుంచి ఎడమ పాదానికి మారడం ఒక్కటే కొత్త. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ మరో దారి పట్టింది. ఎడమ చేతికి లీవరే లేదు, ఎడమ పాదానికి గేరు, కుడి పాదానికి వెనక బ్రేకు. దాని మీద నేర్చుకున్నవారికి క్లచ్ కొత్తే, కాని ఎడమ చేతికి మరచిపోవలసిన పాత పనేమీ ఉండదు. ఇప్పటి ఆటోమేటిక్ స్కూటర్ ఒక్కటే ఎడమ చేతికి బ్రేకు అప్పగించి పాదాలకు పని లేకుండా చేసింది. ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ ఎక్కువగా ఇదే అమరిక. కాబట్టి పెద్దలు ఒక్క పూటలో మారామని చెప్పేది నిజమే, వారు దిగిన మెట్టు వేరు. ఈ విషయం వివరించాక ఆమె ముఖంలో కనిపించిన ఊరట, తర్వాతి తరగతుల్లో ఏ సాధన ఇచ్చినదానికన్నా ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

యూ టర్న్‌లో పడితే లీవర్ వంగుతుంది. అదే అలవాటు రోడ్డు మీద అత్యవసరంగా ఆగవలసినప్పుడు బయటపడితే జరిగేది వేరు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనా స్థలాల్లోనే పరిశీలించి 1981లో ఇచ్చిన నివేదిక రెండు విషయాలు స్పష్టంగా చెప్పింది. ప్రమాదాన్ని తప్పించుకోవడానికి చోదకుడికి దొరికే వ్యవధి సాధారణంగా రెండు సెకన్ల లోపే. ఆ వ్యవధిలో ఎక్కువమంది వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేకును చాలినంత వాడలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. రెండు సెకన్లలో మనిషి ఆలోచించి చేసేది చాలా తక్కువ, చేతికి ఏది అలవాటో అదే జరుగుతుంది. ఎడమ చేతినే నమ్ముకున్న స్కూటర్ చోదకులు మోటార్‌సైకిల్ మీద అప్పుడు క్లచ్‌ను గట్టిగా, ముందు బ్రేకును మెత్తగా పట్టుకుంటారు. కుడి పాదం ఊరికే ఉంటుంది. క్లచ్ పట్టడంతో ఇంజన్ ఇచ్చే కాస్త నిరోధం కూడా పోయి, బండి తేలినట్టు ముందుకు వెళుతుంది.

దీన్ని రుజువు చేసుకోవడానికి అయిదో తరగతి మొదట్లో ఒక చిన్న పరీక్ష పెట్టాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో తిన్నగా వస్తుండగా, ఎక్కడ అన్నది చెప్పకుండా, జెండా ఎత్తినప్పుడు ఆగాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎడమ చేయి ముందు కదిలింది. కుడి పాదం పెడల్ మీదకు వెళ్లింది రెండుసార్లే. మిగిలిన ఎనిమిదిసార్లు రెండు పాదాలూ బండి ఇంకా పరుగెత్తుతుండగానే నేల వైపు దిగాయి.

మళ్లీ స్కూటర్ మీదకు

అయిదో తరగతి మిగతా సమయం, ఆరో తరగతి మొత్తం ఆమెను తన స్కూటర్ మీదే ఎక్కించాను. మోటార్‌సైకిల్ నేర్చుకోవడానికి వచ్చి స్కూటర్ నడపడమేమిటని ఆమె కొంచెం నొచ్చుకున్నారు. నా ఆలోచన ఇది. కుడి చేతి బ్రేకు రెండు బండ్లకూ ఒకటే. అది ముందు చక్రానిదే, అదే చోట ఉంటుంది, అదే కండరాలతో పనిచేస్తుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి నిలువరించే శక్తిలో పెద్ద భాగం ముందు చక్రానిదే. క్లచ్, గేరు, బరువు అనే కొత్త చింతలు లేని చోట, అంటే ఆమెకు ఇంటి గదిలాంటి స్కూటర్ మీద, కుడి చేతికి ఆ నమ్మకం కలిగిస్తే, అది మోటార్‌సైకిల్ మీదకు ఆమెతో పాటే వస్తుంది.

ముందు చక్రం బిగిస్తే పల్టీ కొడుతుందన్న భయం ఆమెకు గట్టిగానే ఉంది. అది ఊరికే పోయే భయం కాదు. గంటకు 15 కిలోమీటర్లతో మొదలుపెట్టి, తిన్నటి పొడి నేల మీద, కుడి చేతి రెండు వేళ్లతో లీవర్‌ను ముందు తాకించి, టైరు నేలను ఒత్తుకునేదాకా ఒక లిప్త ఆగి, ఆపై పిండడం నేర్పాను. తడిగుడ్డ పిండినట్టు పిండాలి, ఈగను పట్టుకున్నట్టు చప్పున పట్టకూడదు అని చెబుతాను. ముప్పై నలభైసార్లు చేశాక, ముందు భాగం కుంగి బండి నేలకు అతుక్కుపోయినట్టు ఆగడం ఆమెకు ఇష్టంగా అనిపించడం మొదలైంది. ఇకమీదట రోజువారీ ప్రయాణంలో కూడా ఆగిన ప్రతిసారీ కుడి చేయి ముందు కదలాలని, ఎడమ చేయి తోడుగా రావాలని చెప్పాను. దీనివల్ల ఆమె రోజూ నడిపే 20 కిలోమీటర్లూ నా తరగతికి కొనసాగింపుగా మారాయి. పాదాల విషయంలోనూ అంతే. స్కూటర్ పూర్తిగా ఆగేదాకా రెండు పాదాలూ ఫుట్‌బోర్డు మీదే ఉంచి, ఆగాక ఎడమ పాదం ఒక్కటే దించమన్నాను. స్కూటర్‌కు ఇది తప్పనిసరి కాదు. మోటార్‌సైకిల్ మీద మాత్రం కుడి పాదం ముందే దిగిపోతే వెనక బ్రేకు దిగిపోయినట్టే.

ఏడో తరగతిలో మోటార్‌సైకిల్‌ను సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఇంజన్ ఆపి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాను. నేను "ఆపు" అంటే కుడి చేయి, కుడి పాదం. "నెమ్మది" అంటే కుడి పాదం ఒక్కటే. "కదులు" అంటే ఎడమ చేయి. ఆమె ఆ అవయవాన్ని కదిలిస్తూ దాని పేరు పైకి చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా కనిపించినా, పేరు పైకి పలకడం వల్ల చేయి తొందరపడకుండా ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణమే మనకు కావలసింది.

తర్వాత నెమ్మది మలుపులు. ఇక్కడ స్కూటర్ మీద ఆమెకున్న నేర్పును తుడిచేయడానికి నేను ప్రయత్నించలేదు, దాన్ని మరో అవయవానికి మార్చాను. ఇంజన్‌ను కాస్త లాగుతూ ఉంచి వెనక బ్రేకుతో అదుపు చేయడం ఆమెకు వచ్చిన విద్యే. మోటార్‌సైకిల్ మీద కూడా నెమ్మది మలుపుకు అదే విద్య కావాలి. స్కూటర్ మీద ఎడమ చేయి చేసిన పనిని ఇక్కడ కుడి పాదం చేస్తుంది, ఎడమ చేయి హాఫ్ క్లచ్ దగ్గర కదలకుండా నిలబడుతుంది, కుడి చేయి యాక్సిలరేటర్‌ను ఒకే చోట ఉంచుతుంది. ఇలా చెప్పగానే, "అంటే నా ఎడమ చేయి కిందకు దిగి కుడి కాలైందన్నమాట," అన్నారామె. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆరోజు చివరికి ఆరు మీటర్ల వెడల్పులో ఎనిమిది యూ టర్న్‌లు వరుసగా తిరిగారు.

అయితే తొమ్మిదో యూ టర్న్‌లో, హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉండగా, ఆమె కుడి చేతితో ముందు బ్రేకు పట్టారు. బండి ముక్కు మీద పడినట్టు కిందకు వాలింది, ఎడమ కాలు ఊని ఎలాగో నిలబెట్టారు. ఈ తప్పు పూర్తిగా నాది. రెండు తరగతుల పాటు కుడి చేయి, కుడి చేయి అని పట్టుబట్టి, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు నెమ్మది వేగంలో ముందు బ్రేకు ముట్టకూడదని విడిగా చెప్పలేదు. హ్యాండిల్ తిన్నగా ఉంటే కుడి చేయి, తిరిగి ఉంటే కుడి పాదం అన్న గీత ఆరోజే గీశాను. ఇప్పుడు ఆ గీతను స్కూటర్ మీద సాధన చేయించే మొదటి రోజే గీస్తున్నాను.

అత్యవసరంగా ఆగే సాధనలో ఇంకో సూక్ష్మం తెలిసింది. నిజానికి గట్టిగా ఆగేటప్పుడు ఎడమ చేయి క్లచ్ పట్టడం తప్పు కాదు, పట్టకపోతే చివర్లో ఇంజన్ ఆగిపోతుంది. కాబట్టి ఆ సాధనలో ఎడమ చేతిని అదుపు చేయమని చెప్పడం మానేశాను. అది పట్టుకుంటే పట్టుకోనివ్వండి, కాని కుడి చేయీ కుడి పాదమూ దాని కోసం ఎదురుచూడకూడదు అన్నాను. నెమ్మది మలుపులో ఎడమ చేతిని ఆపాలి, అత్యవసరంగా ఆగేటప్పుడు దాన్ని పట్టించుకోకూడదు. ఒకే అలవాటుకు రెండు చోట్ల రెండు వేర్వేరు చికిత్సలు ఉండడం నాకే కొత్తగా అనిపించింది.

యాక్సిలరేటర్ విషయంలో చిక్కు తక్కువే. స్కూటర్ క్లచ్ అందుకోవడానికి కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి బయల్దేరేటప్పుడు చాలా తెరిచి ఇవ్వడం ఆమెకు అలవాటు. గేర్ల బండి మీద అలా తెరిచి క్లచ్ వదిలితే బండి ఎగిరి దూకుతుంది. ముందు క్లచ్ అందుకునే చోటు, ఆపై రేస్ అన్న వరుసను ఒక్కరోజు గుర్తుచేస్తే కుదిరిపోయింది. ఎత్తు మీద ఆగి బయల్దేరడం దానికన్నా కష్టమైంది. స్కూటర్‌ను ఎడమ లీవర్‌తో పట్టి నిలబెట్టే ఆమె, మోటార్‌సైకిల్ మీద కూడా అదే లీవర్‌ను పట్టుకుని బండి వెనక్కి జారుతుంటే ఆశ్చర్యపోయారు. కుడి పాదంతో నిలబెట్టి, ఎడమ చేతితో కదిలించడం ఇక్కడ మరో ఇరవైసార్లు చేయవలసి వచ్చింది.

ఫలితాలు, ఒక ఎదురుదెబ్బ

తొమ్మిదో తరగతిలో జెండా పరీక్ష మళ్లీ పెట్టాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు కుడి చేయి ముందుగా గాని, రెండు చేతులూ ఒకేసారిగా గాని కదిలాయి. కుడి పాదం పదిసార్లూ పెడల్ మీదే ఉంది. బ్రేకు వేయడం మొదలైన చోటు నుంచి ఆగే దూరం, అయిదో తరగతిలో పన్నెండు పదమూడు మీటర్లుండేది, ఏడు మీటర్లకు తగ్గింది. ఈ కొలతలు ఒక మైదానంలో ఒక మనిషివి, వీటిని అంతకు మించి దేనికీ ప్రమాణంగా తీసుకోవద్దని మనవి. పదకొండో తరగతి నుంచి రోడ్డు మీదకు తీసుకువెళ్లాను. అక్కడ ఆమె పాత ఏడేళ్ల అనుభవమంతా ఒక్కసారిగా అక్కరకొచ్చింది. పక్కన ఆగిన కారు తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె అప్పటికే దూరంగా ఉన్నారు, బ్రేకు అవసరమే రాలేదు.

ఎదురుదెబ్బ మేం చూడని వైపు నుంచి వచ్చింది. రోడ్డు తరగతులు మొదలైన రెండో వారంలో ఆమె ఒక ఉదయం గంటసేపు మోటార్‌సైకిల్ నడిపి, వెంటనే తన స్కూటర్ మీద బయల్దేరారు. వేగం అందుకుంటుండగా, గేరు మార్చాలన్న తలంపుతో, ఎడమ లీవర్‌ను క్లచ్ అనుకుని పూర్తిగా పట్టేశారు. కంబైన్డ్ బ్రేకింగ్ వల్ల రెండు చక్రాలకూ బ్రేకు పడి స్కూటర్ ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. వెనక ఎవరూ లేకపోవడం వల్ల ఏమీ కాలేదు. కొత్త అలవాటు పాత బండి మీద బయటపడుతుందని నేను హెచ్చరించి ఉండవలసింది. కొన్నాళ్లు స్కూటర్ పక్కన పెట్టడం ఆమెకు కుదరదు కాబట్టి, ఏ బండి ఎక్కినా బయల్దేరే ముందు రెండు లీవర్లనూ నొక్కి, ఒక్కోదాని పని పేరు పైకి చెప్పి, అప్పుడే కదలాలన్న నియమం పెట్టాను. అయిదు సెకన్ల పని. ఆ తర్వాత అలా జరగలేదని ఆమె చెప్పారు.

మూడు నెలల తర్వాత

మూడు నెలలకు ఆమె మళ్లీ మైదానానికి వచ్చి ఒక గంట నడిపి చూపించారు. రోజువారీ ప్రయాణంలో సగం రోజులు 125 సీసీ బండి మీదే వెళ్తున్నారు. నెమ్మది మలుపులు నిలకడగా ఉన్నాయి. జెండా పరీక్షలో ఒక్కసారి మాత్రం, బాగా అలసిపోయాక, రెండు కాళ్లూ ముందే దిగాయి. తల ఊపి, తనే ఆగి, మళ్లీ చేశారు. 350 సీసీ బండి ఇంకా కొనలేదు. ఆ తరగతి బండ్లు 180, 190 కిలోలుంటాయి. నిలబెట్టి ఉన్న బండిని తోయడం, పడిన బండిని వీపు ఆనించి లేపడం, నెమ్మది మలుపులో ఆ బరువును కుడి పాదంతో అదుపు చేయడం వేరుగా నేర్చుకోవాలని చెప్పాను. వచ్చే నెలలో నాలుగు తరగతులు అందుకోసం రాసుకున్నాం.

ఈ కేసు తర్వాత కొత్తగా చేరేవారి పత్రంలో రెండు ప్రశ్నలు చేర్చాను. ఇంతకుముందు నడిపిన స్కూటర్‌లో ఎడమ చేతికి ఏముండేది? ఆగేటప్పుడు ఏ చేయి ముందు కదులుతుంది? రెండో ప్రశ్నకు చాలామంది రెండూ అనే రాస్తారు. కాబట్టి ఆ జవాబు చదివి ఊరుకోకుండా, మోటార్‌సైకిల్ తాళం ఇచ్చే ముందు వారి స్కూటర్ మీద వారిని పది నిమిషాలు నడిపించి, వేళ్లను చూసి, నేనే ఆ గడిలో జవాబు రాసుకుంటున్నాను.